ఎగ్జాస్ట్ వైపు గీతలు

నా తమ్ముణ్ణి వాడి పెళ్లామే చంపిందని మా అమ్మ వాకిట్లో గొంతు చించుకుంటుంటే, నేను షెడ్డులో వాడి రంపం ఇంజన్ విప్పుతున్నాను. నాలుగు బోల్టులు. మూడు మర్యాదగా వచ్చాయి. నాలుగోది మొండికేసింది. దాని నెత్తిన సుత్తితో రెండు ఇచ్చాక దారికొచ్చింది. ఈ ఇంట్లో ఏదైనా అలాగే దారికొస్తుందని పదిహేనేళ్లుగా చూస్తూనే ఉన్నాను.

అమ్మ మాటలు నాకు నీళ్ల అడుగునుంచి విన్నట్టు ముద్దముద్దగా వస్తున్నాయి. అయినా కిటికీలోంచి అంతా కనబడుతోంది. మరదలు గేటు పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ ఆమె జుట్టు పట్టుకుని తల గోడకేసి కొడుతోంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మరదలు కనీసం చేతులు అడ్డం పెట్టుకోవడం లేదు. అది చూసే నాకు ఒళ్లు మండింది. తాను కొట్టించుకోవాల్సిందేనని ఆ పిచ్చిది కూడా నమ్మేసింది.

చెయిన్ రంపం ఇంజన్‌కు విడిగా ఆయిల్ ఉండదు. పెట్రోల్లోనే కలిపి పొయ్యాలి. కలపడం మరిచిపోతే పిస్టన్ బోరును కరుచుకుని ఇంజన్ బిగుసుకుపోతుంది. తమ్ముడి డబ్బాలో రోజూ పొద్దున్నే ఆయిల్ కలిపేది మరదలు. మొన్న వాడి రంపం చెట్టు మధ్యలో బిగుసుకుపోయింది, ఆ చెట్టు వాణ్ణి చంపింది. "ఆయిల్ పడలేదు, అంతే" అని మా ఆయన తేల్చేశాడు. ఇంజన్ల విషయంలో మా ఆయన మాటంటే ఈ చుట్టుపక్కల తీర్పు కిందే లెక్క.

ఆ తీర్పు తప్పని చెప్పగలిగేది నేనొక్కదాన్నే. మరదల్ని అందులోంచి బయటికి లాగాలంటే అసలు చంపిందెవరో చెప్పాలి. చెబితే నా గతి ఏమిటో కూడా నాకు తెలుసు. అందుకే రెండు రోజులు నోరు కుట్టుకుని కూర్చున్నాను.

మా ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. కంపెనీ నుంచి వచ్చిన రంపాన్ని ఆయన చేతిలో పెడితే మూడో రోజుకు దాన్ని గుర్తుపట్టలేం. సిలిండర్ ఊడదీసి, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ రంధ్రాన్ని సన్నటి గ్రైండర్‌తో వెడల్పు చేస్తాడు. పిస్టన్ రింగు తట్టుకుని విరగకుండా అంచులు గుండ్రంగా తీస్తాడు. సిలిండర్ అడుగున ఉండే గాస్కెట్ తీసేసి పిస్టన్‌కూ పైకప్పుకూ మధ్య ఖాళీ తగ్గిస్తాడు. ఎంత తగ్గిందో తెలియడానికి ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి సీసం తీగ దూర్చి, ఇంజన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగ మందం కొలుస్తాడు. సైలెన్సర్‌కు ఇంకో నోరు తెరుస్తాడు. ఆ పనిలో ఆయనకు వంక పెట్టేవాడు పుట్టలేదు. నేను కూడా పెట్టను.

పేరు వచ్చింది మాత్రం చివర్లో తిప్పే కార్బొరేటర్ స్క్రూ దగ్గర. గాలి ఎక్కువ మింగే ఇంజన్‌కు పెట్రోలూ ఎక్కువ కావాలి. ఎంత కావాలో చెవితో పట్టాలి. పూర్తిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు రంపం కాస్త గొంతు గరగరలాడుతూ అరవాలి. స్క్రూ బిగించే కొద్దీ ఆ గరగర తగ్గి, అరుపు నున్నగా అవుతుంది, వేగం పెరుగుతుంది. గరగర మొత్తం పోయిందంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. పెట్రోలుతో పాటు వచ్చే ఆయిలూ చాలదు. కట్టెలో కాసేపు గట్టిగా పని చెప్తే పిస్టన్ మాడిపోతుంది. మా ఆయన కళ్లు మూసుకుని, తల పక్కకు వంచి, ఆ స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతుంటే చూడ్డానికే జనం వచ్చేవాళ్లు.

ఆయనకు ఆ గరగర వినబడక పన్నెండేళ్లయింది.

పొద్దస్తమానం రంపాల పక్కన నిలబడితే చెవులు ఉంటాయా? అడ్డం పెట్టుకోమంటే "చెవి మేస్త్రి చెవులు మూసుకుంటాడా?" అని ఎగతాళి చేసేవాడు. ఎదురుగా మాట్లాడితే పెదవుల్ని బట్టి పట్టేస్తాడు. వెనకనుంచి పిలిస్తే పలకడు. అది పొగరనుకుంటారు జనం. పొగరున్నవాడికి గౌరవం ఇస్తారు, చెవిటివాణ్ణి చూసి నవ్వుతారు. అందుకే ఆయన పొగరే ఉంచుకున్నాడు.

వినేది నేను. బెంచీ ముందు నేల మీద ఒక పొడవాటి చెక్క ఉంది. దాని ఒక చివర ఆయన, ఇంకో చివర నూనె గుడ్డ పట్టుకుని సాయం చేస్తున్నట్టు నేను. మడమతో ఒకసారి తడితే ఇంకొంచెం బిగించమని. రెండుసార్లు తడితే వెనక్కి తిప్పమని. రెండు మునికాళ్లమీదా లేచి ఒక్కసారి బరువుగా దిగితే సరిపోయింది, ఆపమని. ఆ అదురు ఆయన అరికాళ్లకు తెలిసేది. కళ్లు మూసుకోవడం మాత్రం ఆయన సొంత తెలివి.

పేరు ఆయనకు దక్కితే దక్కింది, నాకేమీ బాధ లేదని చెబితే అబద్ధం. కానీ బాధకంటే భయం ఎక్కువ. ఒక మాట రెండోసారి అడగాల్సి వస్తే కొట్టేవాడు. మొదటిసారే గట్టిగా చెబితే, అరుస్తావేమని కొట్టేవాడు.

తమ్ముడు పోవడానికి ముందు రోజు పొద్దున ఒక కొత్త గిరాకీ వచ్చాడు. లావుపాటి మనిషి. మేస్త్రి చెవి మహిమ దగ్గర్నుంచి చూడాలని సరదాపడి, వచ్చి వచ్చి ఆ చెక్క మధ్యలో ఎక్కి నిలబడ్డాడు. నా తట్టు ఆయనదాకా చేరలేదు. రంపం గొంతు నున్నబడి కీచుమంటోంది. రెండుసార్లు తట్టాను. మళ్లీ రెండుసార్లు తట్టాను. ఆయన కళ్లు మూసుకుని, గిరాకీ ముందు చెయ్యి ఆపలేక, ఇంకా బిగిస్తూనే ఉన్నాడు. ఇంజన్ కళ్లముందే మాడిపోతుంటే చూస్తూ ఉండలేకపోయాను.

"ఆపండి, మాడిపోతోంది!" అని చెయ్యి చాపి నేనే స్విచ్ కట్టేశాను.

లావుపాటాయన పగలబడి నవ్వాడు. "ఇంతకీ చెవి నీదా మేస్త్రీ, ఆవిడదా?"

మా ఆయన కూడా నవ్వాడు. ఆయన అలా నవ్వితే తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. గిరాకీ వెళ్లగానే షట్టర్ దించాడు. నన్ను ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. రెండు అరచేతులూ దొప్పల్లా చేసి నా రెండు చెవుల మీదా ఒకేసారి చరిచాడు. తలలో ఏదో పగిలింది. కింద పడ్డాను. పడ్డదాన్ని జుట్టు పట్టి లేపి మళ్లీ చరిచాడు. "నీ చెవులు చూసుకునేనా ఇంత పొగరు?" అంటున్నాడని ఆయన పెదవుల్ని బట్టి తెలిసింది. పెదవులు చూసి మాట పట్టడం నాకు అదే మొదటిసారి. ఎడమ చెవిలోంచి వెచ్చగా రక్తం మెడ మీదికి కారింది. షాపుకున్నవే రెండు చెవులు. వాటినే పగలగొట్టుకున్నాడు తెలివిగల మహారాజు.

ఆ సాయంత్రమే తమ్ముడు వచ్చాడు, కాంట్రాక్టర్‌ను వెంటబెట్టుకుని. వాడు చెట్లు కొట్టే పనిలో ఉన్నాడు. వాడి రంపం నాలుగు రోజులుగా మా షెడ్డులోనే ఉంది. రంధ్రాలు వెడల్పు చేయడం అయిపోయింది, స్క్రూ ఒక్కటే మిగిలింది. రక్తం కడుక్కుని, చెవుల మీదికి కొంగు కప్పుకుని నేను బెంచీ దగ్గర నిలబడ్డాను. తలలో ఒకటే కీమనే మోత. పూర్తి వేగంలో ఉన్న రంపం కూడా అచ్చం అలాగే మోగుతుంది.

తమ్ముడు రెండుసార్లు పిలిచాడట. భుజం తట్టి, నా ఎదురుగా వచ్చి నవ్వాడు. "ఏంటక్కా, పిలిస్తే పలకవు? బావ పొగరు నీకూ అంటుకుందా?"

నేనూ నవ్వాను. ఆ నవ్వును తలుచుకుంటే ఇప్పుడు నా మొహం మీద నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

"రేపు పొద్దున రోడ్డు మీదికి వాలిన చెట్టు కొట్టాలి బావా," అని వాడు మా ఆయనకు చెప్పాడు. "ఒళ్లంతా ముందుకే ఉంది దానికి. వెనక కోత గబగబా దిగిపోవాలి. కొంచెం కూడా నీరసంగా ఉండకూడదు రంపం."

చెట్లు కొట్టేవాళ్లకు ఇది పెద్దగా చెప్పక్కర్లేదు. చెట్టు వాలిన వైపు ముందు గాటు పెట్టి, తర్వాత వెనకనుంచి కోస్తారు. వాలిన చెట్టు బరువంతా ముందుకు లాగుతూ ఉంటుంది. వెనక కోత ఆలస్యమైనా, సగంలో ఆగినా, కాండం నిలువునా చీలుతుంది. చీలిన చెక్క వెనక్కి లేచి కోసేవాడి మీదికే వస్తుంది. స్క్రూ ఎక్కువ బిగిస్తే రంపం మాడి సగంలో ఆగుతుంది. భయపడి వదులుగా ఉంచితే మాడదు గానీ నెమ్మదిస్తుంది. ఏ వైపు తప్పినా నా తమ్ముడే పోతాడు. సరిగ్గా ఎక్కడ ఆపాలో తెలియాలి. అది తెలిసే చెవులు పొద్దున పోయాయి.

మా ఆయన రంపం స్టార్ట్ చేశాడు. కళ్లు మూసుకున్నాడు. తల వంచాడు. పొద్దున తాను ఏం చేశాడో ఆ మనిషికి గుర్తున్నట్టే లేదు. లేదా, దెబ్బలు తింటే తింది గానీ పని చేస్తుందిలే అనుకున్నాడో.

నేను విన్నాను. ఊపిరి బిగబట్టి విన్నాను. తలలో మోత తప్ప ఏమీ లేదు. ఆయన కాలి వేళ్లు నా తట్టు కోసం చెక్క మీద కదులుతున్నాయి. "నాకు వినబడటం లేదు" అని ఒక్క మాట అంటే అయిపోయేది. తమ్ముడు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. పొద్దున ఒక్క మాట అన్నందుకు ఏమైందో నా మెడ మీద ఇంకా జిగటగా ఉంది. కాంట్రాక్టర్ ముందు అంటే ఈసారి ప్రాణం తీస్తాడనిపించింది. భయపడ్డాను. దానికి ఇంకో పేరు పెట్టను.

ఒకసారి తట్టాను. ఆయన బిగించాడు. ఇంకోసారి తట్టాను. తర్వాత లేచి బరువుగా దిగాను. గుడ్డిగా ఆపాను.

తమ్ముడు పెరట్లో ఉన్న దుంగ మీద రంపం పెట్టి చూశాడు. వెన్నలో దిగినట్టు దిగింది. పెట్రోలు చాలని ఇంజన్ మాడిపోయే ముందు అన్నిటికంటే బాగా పరిగెడుతుంది. వాడు చిన్నపిల్లాడిలా కేరింతలు కొట్టి, బావను వాటేసుకుని వెళ్లిపోయాడు.

రాత్రంతా కన్ను మూతపడలేదు. తెల్లారేసరికి ఎలాగైనా వాడికి చెప్పెయ్యాలని తేల్చుకున్నాను. చెప్పులేసుకుంటుంటే మా ఆయన టీ అడిగాడు. పెట్టిచ్చాను. చక్కెర తక్కువైందన్నాడు. మళ్లీ కలిపిచ్చాను. నా తమ్ముడి ప్రాణం ఆ చక్కెరకింద పోయింది.

పరిగెత్తుకుంటూ రోడ్డు మలుపు తిరిగేసరికి ముందు గాటు పెట్టడం అయిపోయింది. తమ్ముడు వెనక కోతలో ఉన్నాడు. వంద అడుగుల దూరం. మరదలు డబ్బా పట్టుకుని, రోడ్డుకు అడ్డంగా కట్టిన తాడు దగ్గర నిలబడి ఉంది. నేను అరిచాను. అరిచానో లేదో నాకే వినబడలేదు. రంపం నడుస్తుండగా వాడికీ వినబడదు. చేతులూపుతూ పరిగెత్తాను.

నాకు అదంతా చప్పుడు లేకుండానే జరిగింది. రంపం పొగ ఆగిపోయింది. చెయిన్ ఆగిపోయింది. తమ్ముడు దాన్ని రెండుసార్లు గుంజాడు, రాలేదు. వదిలేసి పారిపోవాల్సింది. బావ చేసిన రంపం కదా, ఇంకోసారి గుంజాడు. కాండం నిలువునా, మనిషికి రెండింతల ఎత్తున తెరుచుకుంది. చీలిన చెక్క వెనక్కి లేచి వాడి గడ్డం కింద తన్నింది. తల వెళ్లి వీపుకు తగిలింది. వాడు గాల్లోకి లేచి పడ్డాడు. అంతటితో ఊరుకోకుండా, చెట్టు మొదలు మీద తిరిగి, వాడు పడ్డ చోటే పడింది. మరదలు చేతిలోని డబ్బా జారి, అందులో ఉన్నదంతా మట్టిలో ఒలికిపోయింది.

మా ఆయన గంట తర్వాత వచ్చాడు. రంపం స్టార్ట్ చేసే తాడు లాగి చూశాడు, కదల్లేదు. ఖాళీ డబ్బా వాసన చూశాడు. తర్వాత తలెత్తి నా వైపు ఒక్క క్షణం చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది. నేను నోరెత్తనని కూడా తెలుసు.

"ఆయిల్ పడలేదు, అంతే," అన్నాడు.

అలా రెండు రోజులు గడిచాయి. ఇప్పుడు నాలుగో బోల్టు వచ్చింది. సిలిండర్‌ను రబ్బరు సుత్తితో తట్టి, మెలితిప్పి పైకి లాగాను. ఆయిల్ లేక బిగుసుకుపోయిన పిస్టన్‌కు చుట్టూరా గీతలు పడతాయి. దీనికి ఎగ్జాస్ట్ వైపు మాత్రమే పడ్డాయి, లోతుగా, లోహం కరిగి పూసినట్టు. మిగతా మూడు వైపులా గోరుకు కూడా ఏమీ తగల్లేదు. ఆయిల్ తడి అక్కడ ఇంకా మెరుస్తోంది.

పిస్టన్‌ను ఊడదీసి ఒక చేత్తో, సిలిండర్‌ను ఇంకో చేత్తో పట్టుకుని వాకిట్లోకి వెళ్లాను. అమ్మ ఉంది, మా ఆయన ఉన్నాడు, కాంట్రాక్టర్ ఉన్నాడు. మరదలి నుదురు చిట్లి కంట్లోకి రక్తం కారుతోంది. అమ్మ చెయ్యి పట్టుకుని పక్కకు తోశాను. పిస్టన్ తీసుకెళ్లి కాంట్రాక్టర్ చేతిలో పెట్టాను. ఇరవై ఏళ్లు రంపం పట్టిన మనిషి, చూస్తే తెలుస్తుంది.

అతను నెమ్మదిగా నాలుగు వైపులా తిప్పి చూశాడు. నాకు వినబడటం లేదని గమనించి మొహం ఎత్తి అడిగాడు. "ఒక వైపే పోయిందేంటమ్మా? ఇది ఆయిల్ సంగతి కాదే. స్క్రూ బిగిసి పెట్రోలు చాల్లేదు."

"అదే," అన్నాను.

"మరి మేస్త్రీ, ట్యూన్ చేసింది నువ్వేగా?"

మా ఆయన అతని పెదవులు చూసి నవ్వాడు. "నా చెవి తప్పదు. అది వేరే పిస్టన్. మరదల్ని వెనకేసుకు రావడానికి ఇది మార్చేసింది."

"ఆయన చెవి తప్పే ప్రశ్నే లేదు," అన్నాను. "ఆయనకు చెవులే లేవు. అమ్మా, నీ అల్లుణ్ణి వెనకనుంచి పిలువు."

అమ్మ తెల్లబోయింది. "అల్లుడు గారూ," అంది. "అల్లుడు గారూ!" అని గట్టిగా అరిచింది. ఆయన కాంట్రాక్టర్ వైపే చూస్తూ నిలబడ్డాడు. కాంట్రాక్టర్ చూపు అమ్మ మీదికి పోవడం చూశాకగానీ వెనక్కి తిరగలేదు. తిరిగి, అందరి మొహాలూ చూసి, ఏం జరిగిందో కనిపెట్టాడు. నా మీదికి వచ్చాడు. చేతులు దొప్పల్లా వంచాడు.

ఈసారి నా చేతిలో సిలిండర్ ఉంది. దాంతో మణికట్టు మీద కొట్టాను. ఎముక విరగడం నాకు వినబడలేదు, చేతికి తెలిసింది. రెండో దెబ్బ దవడ మీద పడింది. ఆయన మోకాళ్ల మీద కూలాడు. పదిహేనేళ్లుగా మీరు, మీరు అన్న నోటితో, ఆయనకు పెదవులు కనబడేలా వంగి చెప్పాను. "నువ్వు ఇంకోసారి చెయ్యెత్తితే తల పగలగొడతాను. ఎవరైనా ఆపుతారేమో చూసుకో."

ఎవరూ కదల్లేదు. అక్కడితో ఆగిపోవచ్చు. అందరూ ఆయన్నే హంతకుడు అనుకునేవాళ్లు, నాకు పోయేదేమీ లేదు. ఆగాలనిపించింది కూడా. మరదలి మొహం చూశాను.

"స్క్రూ తిప్పింది ఈయన," అన్నాను. "ఎక్కడ ఆపాలో చెప్పేది నేను. పన్నెండేళ్లుగా నేనే, కాలితో చెబుతాను. ఆ పొద్దున నా చెవులు పగలగొట్టాడు. సాయంత్రం నాకేమీ వినబడలేదు. అయినా సరిపోయిందని చెప్పాను."

అమ్మ నేల మీద కూలబడింది. మరదలు గోడ పట్టుకుని లేచింది. తూలుతూ నా ముందుకు వచ్చి, నాకు తెలిసేలా ఒక్కో మాటా విడివిడిగా అడిగింది.

"వినబడటం లేదని తెలిసే చెప్పావా వదినా?"

"తెలిసే."

"నీ తమ్ముడు నీ పక్కనే ఉన్నాడుగా. ఒక్క మాట చెవిన వెయ్యలేకపోయావా?"

"భయమేసింది."

పిడికిలి బిగించి మూతి మీద గుద్దింది. పెదవి పగిలింది. మళ్లీ గుద్దింది. ఎక్కడ పడితే అక్కడ, చేతులు నొప్పెట్టేదాకా కొట్టింది. నేను కదల్లేదు. కాంట్రాక్టర్ ఒక అడుగు వేస్తే వద్దని నేనే సైగ చేశాను. చివరికి ఆమె చేతులు వాలిపోయాయి. కాంట్రాక్టర్ దగ్గర్నుంచి పిస్టన్ లాక్కుని, గీతల్లేని వైపు వేలితో రాసింది. వేలికి అంటిన ఆయిల్ జిడ్డు చూసుకుంది. వాసన చూసుకుంది. రెండు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"అయితే నేను ఆయిల్ కలిపాను," అంది.

"కలిపావు."

"సరిగ్గానే కలిపాను."

"సరిగ్గానే కలిపావమ్మా."

ఆమె మళ్లీ అడిగింది. నోటి నిండా రక్తంతో నేను మళ్లీ చెప్పాను, అమ్మకు కూడా వినబడేలా గట్టిగా.